చాప్టర్ పేరు ఉంటే తప్పు దొరుకుతుంది, తీసేస్తే దొరకట్లేదు: తెలుగు మీడియం కుర్రాడితో ఒక ఇంగ్లీష్ కేస్ స్టడీ

తెలుగు మీడియంలో చదివి కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి ఇంగ్లీష్ ప్రిపేర్ అవుతున్నవాళ్ళకి, వాళ్ళకి చెప్పే టీచర్లకి పనికొస్తుందని ఈ కేస్ మొత్తం వివరంగా రాస్తున్నా. నేను ఖమ్మంలో ఇంగ్లీష్ చెప్తా, ఎక్కువమంది డిగ్రీ అయిపోయి ఏదో ఒక నోటిఫికేషన్ కోసం చూస్తున్న పిల్లలే. ఈ కుర్రాడిని అడిగే రాస్తున్నా, పేరు, ఊరు మాత్రం పెట్టట్లేదు.

ముందు బ్యాక్‌గ్రౌండ్. టెన్త్ వరకు గవర్నమెంట్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్ సీఈసీ, తర్వాత బీకామ్. డిగ్రీ కాగితం మీద ఇంగ్లీష్ మీడియమే కానీ క్లాసులో పాఠం తెలుగులో నడిచేది, పరీక్ష ముందు గైడు తెచ్చుకుని ఆన్సర్లు బట్టీ కొట్టి రాసేవాడు, అలాగే పాసయ్యాడు. పగలంతా టౌన్లో ఒక మెడికల్ షాపులో పని, రాత్రి తొమ్మిదిన్నర దాటాక చదువు. టార్గెట్ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ సీహెచ్ఎస్ఎల్, అంటే ఇంటర్ అర్హతతో సెంట్రల్ గవర్నమెంట్ క్లర్క్ లాంటి ఉద్యోగాలకి పెట్టే పరీక్ష. తెలియనివాళ్ళకి చెప్తున్నా, దాంట్లో టైర్ 1 లో, అంటే మొదటి దశ పరీక్షలో, మొత్తం 100 ప్రశ్నలు, 200 మార్కులు, గంట టైమ్, ఇంగ్లీష్ 25 ప్రశ్నలకి 50 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. మ్యాథ్స్, రీజనింగ్‌లో కుర్రాడు బాగానే ఉన్నాడు, ఇంగ్లీష్ దగ్గరే మొత్తం పోతోంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో రెండు లాంగ్ నోట్‌బుక్స్ ఉన్నాయి. ఒకదాంట్లో గ్రామర్ రూల్స్ నంబర్లు వేసి రాసుకున్నాడు, టెన్సెస్ టేబుల్, పాసివ్ వాయిస్ ఫార్ములాలు, డైరెక్ట్ ఇన్‌డైరెక్ట్ మార్పులు అన్నీ రంగు పెన్నులతో. ఇంకోదాంట్లో సినోనిమ్స్, యాంటోనిమ్స్, వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్స్, ఒక్కో పదానికి పక్కన ఒక్క తెలుగు అర్థం. ఇంత కష్టపడ్డ పిల్లాడికి ఇంగ్లీష్ మాక్ టెస్ట్ ఇస్తే 25 లో 23 ప్రశ్నలకి ఆన్సర్ పెట్టాడు, 9 కరెక్ట్, 14 తప్పు. అంటే 18 లోంచి 7 పోయి 50 కి 11. "గ్రామర్ ఇంకోసారి మొదట్నించి చెప్పండి మేడం" అని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. రూల్స్ అన్నీ అప్పజెప్తున్న మనిషికి అవే రూల్స్ మళ్ళీ చెప్తే ఏం మారుతుంది?

అసలు ఎక్కడ ఆగిపోతున్నాడో చూద్దామని రెండు షీట్లు తయారుచేశా. ఒక్కోదాంట్లో 20 వాక్యాలు, ఒకే స్థాయివి, రెండిట్లోనూ అవే రకం తప్పులు, ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. మొదటి షీట్లో పైన హెడ్డింగులు పెట్టా, ఈ నాలుగు వాక్యాలు సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్, ఈ నాలుగు టెన్సెస్, ఇలా. రెండోదాంట్లో హెడ్డింగులు లేవు, అన్నీ కలిపేశా. మొదటిదాంట్లో 17 కరెక్ట్, రెండోదాంట్లో 8. ఏ రూల్ వాడాలో పైన రాసి ఉంటే వాడేస్తున్నాడు, రాసి లేకపోతే ఆ వాక్యంలో ఏ రూల్ పని చేస్తోందో కనపడట్లేదు. మార్కెట్లో దొరికే గ్రామర్ పుస్తకాలు చాలావరకు చాప్టర్ వారీగానే ఎక్సర్‌సైజులు ఇస్తాయి కాబట్టి ఇంట్లో ప్రాక్టీస్ చేసినంతసేపూ వచ్చేసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో చాప్టర్ పేరు ఎవరూ చెప్పరు. ఏళ్ళ తరబడి చదివి కూడా రావట్లేదని బాధపడే పిల్లల్లో చాలామందిది ఇదే కథ, ఈ టెస్ట్ ఎవరైనా ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

తర్వాత ఇంకొకటి చేయించా. వాక్యం చదువుతున్నప్పుడు బుర్రలో ఏం నడుస్తోందో తెలుగులో పైకి చెప్పమన్నా. "ది ప్రైస్ ఆఫ్ ది మెడిసిన్స్ సోల్డ్ ఇన్ దీజ్ షాప్స్ హావ్ ఇంక్రీజ్డ్" అనే వాక్యం ఇచ్చా. కుర్రాడు ఏమన్నాడంటే, "ధర... మందుల ధర... మందులు అమ్మారు ఈ షాపుల్లో... షాపులు పెరిగాయి... షాప్స్ ప్లూరల్ కాబట్టి హావ్ కరెక్టే, నో ఎర్రర్." అక్కడ నాకు మొత్తం అర్థమైంది. సబ్జెక్ట్ సింగులర్ అయితే వెర్బ్ సింగులర్ అన్న రూల్ ఇతనికి బ్రహ్మాండంగా వచ్చు, నిజానికి తెలుగోళ్ళకి ఎవరికైనా పుట్టుకతోనే వచ్చు, పిల్లలు వచ్చింది అని మనం పొరపాటున కూడా అనం కదా. ఇక్కడ సబ్జెక్ట్ ఏదో దొరకట్లేదు, అంతే. "సోల్డ్" కనపడగానే అదే అసలు క్రియ అనుకున్నాడు, దాంతో వాక్యం విరిగిపోయి రెండు ముక్కలైంది, చివర్లో హావ్ పక్కన ఏ పదం ఉంటే అదే సబ్జెక్ట్ అయిపోయింది.

కారణం మన భాషలోనే ఉంది. "నిన్న షాపుకొచ్చి బిల్లు అడిగిన పెద్దాయన మా ఊరాయనే" అంటాం మనం, పెద్దాయన గురించి చెప్పాల్సిందంతా పెద్దాయనకి ముందే చెప్పేస్తాం, ఆ తర్వాత మనిషి వస్తాడు, వెంటనే అసలు మాట. ఇంగ్లీష్‌లో మనిషి ముందొస్తాడు, వర్ణన వెనకాల తోకలా వస్తుంది, ఆ తోక అయ్యాకగానీ అసలు వెర్బ్ రాదు. తోక పొడవైతే వెర్బ్ వచ్చేసరికి సబ్జెక్ట్ ఎవరో మర్చిపోతారు. ఇది గ్రామర్ నోట్‌బుక్కులో ఏ చాప్టర్ కిందా ఉండదు, రిలేటివ్ క్లాజ్ అని ఒక పేజీ ఉంటుంది కానీ అది హూ, విచ్, దట్ ఎప్పుడు వాడాలో చెప్పి ఆపేస్తుంది.

కాబట్టి నా నిర్ధారణ ఏంటంటే ఇతని సమస్య రీడింగ్. గ్రామర్ మార్కులు పోతున్నది చదవడం దగ్గర. ప్లాన్ దాన్ని బట్టే వేశా, రూల్స్ నోట్‌బుక్ ఇంట్లో పెట్టేసి రమ్మన్నా.

మొదటి పని జత పట్టుకోవడం. ఏ వాక్యం వచ్చినా తప్పు వెతకొద్దు, ఆన్సర్ పెట్టొద్దు, పెన్సిల్‌తో అసలు వెర్బ్ కింద రెండు గీతలు, దాని సబ్జెక్ట్ కింద ఒక గీత, మధ్యలో ఉన్న తోక చుట్టూ బ్రాకెట్. అంతే రోజూ పది వాక్యాలు. మొదట్లో చాలా విసుక్కున్నాడు, ఆన్సర్ పెట్టకుండా చదవడమేంటని. కానీ పైన చెప్పిన వాక్యంలో బ్రాకెట్ పెట్టేసరికి "ది ప్రైస్... హావ్ ఇంక్రీజ్డ్" అని ఒంటరిగా మిగిలింది, చూసి తనే నవ్వాడు, హాజ్ ఉండాలి కదా మేడం అని. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" తర్వాత ఈజ్ ఎందుకొస్తుందో కూడా అదే గీతలతో దొరికేసింది, విడిగా రూల్ చెప్పాల్సిన పనే లేకపోయింది.

రెండో పని అతను పనిచేసే చోట దొరికింది, ఈ కేస్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. చదవడానికి టైమ్ లేదు, పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటర్లోనే ఉంటా అన్నాడు. సరే కౌంటర్లో ఏముంటాయి, మందుల డబ్బాలు, వాటి మీద ఇంగ్లీష్. రోజుకి ఒక డబ్బా మీద ఉన్నదంతా కాగితం మీద రాసుకుని రమ్మన్నా. మొదట తెచ్చింది ఎర్ర గీతల గడిలో ఉండే షెడ్యూల్ హెచ్1 (డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల జాబితా) హెచ్చరిక, "ఇట్ ఈజ్ డేంజరస్ టు టేక్ దిస్ ప్రిపరేషన్ ఎక్సెప్ట్ ఇన్ అకార్డెన్స్ విత్ ది మెడికల్ అడ్వైస్. నాట్ టు బి సోల్డ్ బై రిటైల్ వితౌట్ ది ప్రిస్క్రిప్షన్ ఆఫ్ ఎ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్." రోజూ వందసార్లు చేతుల్లోంచి వెళ్ళే అట్ట, ఎప్పుడూ చదవలేదు.

ఆ రెండు వాక్యాల మీద ఒక క్లాసు మొత్తం నడిచింది. మొదటిదాంట్లో "ఇట్" ఏంటి, దేన్ని చూపిస్తోంది అని అడిగితే మందుని అన్నాడు. మందయితే "దిస్ ప్రిపరేషన్" అని మళ్ళీ ఎందుకు రాస్తారు? తెలుగులో అయితే డాక్టర్ చెప్పకుండా ఈ మందు వేస్కోవడం ప్రమాదం అంటాం, వేస్కోవడం అన్నదే సబ్జెక్ట్, ఇంకేం అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో ఆ పొడుగు సబ్జెక్ట్‌ని వెనక్కి నెట్టి దాని ప్లేసులో ఊరికే "ఇట్" నిలబెడతారు. రెండోదాంట్లో "టు బి సోల్డ్" చూపించి ఇదేంటి అంటే కాసేపు ఆలోచించి పాసివ్ అన్నాడు. పాసివ్ ఫార్ములాలన్నీ రాసుకున్న పిల్లాడు, నిజమైన పాసివ్‌ని అప్పుడే మొదటిసారి గుర్తుపట్టాడు. ఎవరు అమ్మకూడదో ఎందుకు రాయలేదు అని అడిగా. "అమ్మేది మేమే కదా మేడం, అందరికీ తెలుసు" అన్నాడు. పాసివ్ ఎందుకు వాడతారో నేను చెప్పేదాని కన్నా బాగా చెప్పాడు.

తర్వాత "స్టోర్ ప్రొటెక్టెడ్ ఫ్రమ్ లైట్ అండ్ మాయిశ్చర్, ఎట్ ఎ టెంపరేచర్ నాట్ ఎక్సీడింగ్ 30 డిగ్రీస్" లాంటివి తెచ్చాడు. "నాట్ ఎక్సీడింగ్" మళ్ళీ తోకే, టెంపరేచర్ వెనకాల వేలాడుతోంది. ఇట్లాంటి వాక్యాలు చిన్నవి, అర్థం ముందే తెలిసినవి, రోజూ కళ్ళముందు ఉండేవి, కాబట్టి బుర్ర మొత్తం వాక్యం ఎలా కట్టారో చూడ్డానికి ఖాళీగా ఉంటుంది. డబ్బా లోపల మడిచి పెట్టే కాగితం కూడా తెచ్చాడు కానీ అది ఇప్పుడే వద్దన్నా, దాంట్లో డాక్టర్లకి రాసిన భాష, మనకి పనికిరాదు. అయినా "అడ్వర్స్" (హాని చేసే) అనే మాట దాంట్లోంచి వచ్చిందే, సినోనిమ్ లిస్టులో పదిసార్లు చదివి మర్చిపోయిన మాట, అడ్వర్స్ రియాక్షన్స్ అని ఒక్కసారి కాగితం మీద చూశాక మళ్ళీ మర్చిపోలేదు.

మీరు మెడికల్ షాపులో లేకపోవచ్చు, కానీ కరెంట్ బిల్లు వెనకాల, బ్యాంకు ఫారం కింద, ఎరువుల బస్తా మీద, హాల్ టికెట్ మీద ఇన్‌స్ట్రక్షన్స్ దగ్గర ఇలాంటి ఇంగ్లీష్ ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీకు అర్థం ముందే తెలిసిన చోట మొదలుపెట్టండి.

మూడోది అసలు చదవడం. ఇతను అప్పటిదాకా ఏం చేసేవాడంటే ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ తెరిచి, తెలియని పదం వచ్చిన ప్రతిచోటా ఫోన్‌లో అర్థం చూసి, ఒక పేరా అయ్యేసరికి గంట దాటి, నిద్రొచ్చి పడుకునేవాడు. కోచింగ్ వీడియోల్లో అందరూ ఎడిటోరియల్ చదవండి అంటారు, నేను మాత్రం ఈ స్థాయి పిల్లలకి అది గట్టిగా వద్దంటా. పాల్ నేషన్ లాంటి పరిశోధకులు చెప్పేదేంటంటే ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే పేజీలో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలి, అంటే 250 మాటల పేజీలో తెలియనివి ఓ అయిదు. ఎడిటోరియల్‌లో ఇతనికి వరసకి రెండు మూడు వచ్చేవి. అది చదవడం ఎలా అవుతుంది చెప్పండి, డిక్షనరీ వెతకడం అవుతుంది.

ఈ సంగతి మన దగ్గర కొత్తది కూడా కాదు. మైకేల్ వెస్ట్ అని ఒకాయన బ్రిటిష్ కాలంలో ఢాకాలో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పనిచేశాడు, బెంగాలీ పిల్లలకి అన్నిటికన్నా ముందు కావాల్సింది ఇంగ్లీష్ చదవగలగడం అని వాదించి, కొత్త మాటలు పలచగా వచ్చేలా, వచ్చిన మాట మళ్ళీ మళ్ళీ వచ్చేలా రీడర్లు, అంటే చదువుకునే పుస్తకాలు, తయారుచేశాడు. 1953లో వచ్చిన జనరల్ సర్వీస్ లిస్ట్, సుమారు 2000 ముఖ్యమైన మాటల పట్టిక, అది కూడా ఆయనదే. మన ఉపఖండం పిల్లల్ని చూసి వందేళ్ళ కింద ఒకాయన చెప్పింది మనమే పక్కన పెట్టేసి, టెన్త్ స్థాయి రాని పిల్లాడి చేతిలో ఎడిటోరియల్ పెడుతున్నాం. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది.

ఇతనికి నేను ఇచ్చింది స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో పిల్లల కథలు, ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టింది, ఫ్రీ, ఫోన్‌లోనే చదువుకోవచ్చు, 1 నుంచి 4 వరకు లెవెల్స్ ఉంటాయి, చాలా కథలు తెలుగులో కూడా ఉంటాయి. 24 ఏళ్ళ అబ్బాయికి పిల్లల కథలా అని మీరు అనుకోవచ్చు, అతనూ మొహమాటపడ్డాడు, షాపులో ఎవరైనా చూస్తారేమో అని. లెవెల్ 3 తో మొదలుపెట్టాం. రూల్ ఒకటే, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ బటన్ ముట్టుకోకూడదు, తెలియని మాటని ముందు పెన్సిల్‌తో ఊహించి రాయాలి, కథ మొత్తం అయ్యాక చూసుకోవాలి. కొన్ని వారాలకి లెవెల్ 4 కథ మధ్యలో ఆగకుండా చదవడం మొదలైంది, ఆ తర్వాత ఇంగ్లీష్ పేపర్లో స్పోర్ట్స్ పేజీకి వెళ్ళాం. క్రికెట్ మ్యాచ్ రాత్రి చూసేసి ఉంటాడు, ఏం జరిగిందో తెలుసు, పొద్దున్నే రిపోర్ట్ చదివితే మందుల డబ్బా దగ్గర జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ఎడిటోరియల్ దగ్గరికి వచ్చింది చివర్లో, అది కూడా వారానికి రెండే.

వొకాబులరీ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగింది. ఇతను పాసేజ్‌లో తప్పు చేసిన ప్రతిచోటా ఏ మాట దెబ్బ కొట్టిందో రాయించా. పెద్ద పెద్ద మాటలు వస్తాయనుకున్నాడు, తీరా చూస్తే లిస్టులో సగం పైన చిన్న చిన్న తెలిసిన మాటలే. "అడ్రెస్ ది ప్రాబ్లెమ్" (సమస్య సంగతి చూడటం) దగ్గర ఇంటి అడ్రెస్ అనుకున్నాడు. "ఫైన్" అంటే బాగుంది అనుకున్నాడు, అక్కడ జరిమానా. "సౌండ్ అడ్వైస్" (మంచి సలహా), "బేర్ ది కాస్ట్" (ఖర్చు భరించడం), "వైల్" వచ్చి రెండిటికీ తేడా చెప్పే చోట, "యాజ్" వచ్చి కారణం చెప్పే చోట, ఇలాంటివే. తెలియని మాటకి మనిషి ఆగి వెతుక్కుంటాడు, తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు, తప్పు అర్థంతోనే ముందుకెళ్ళిపోతాడు. అందుకే నోట్‌బుక్ పద్ధతి మార్చాం. మాట, పక్కన ఒక తెలుగు అర్థం అనేది బంద్. మాట దొరికిన వాక్యం మొత్తం రాసి, ఆ మాట ఉన్న చోట ఖాళీ వదిలి, మాటని పేజీ వెనక రాసుకోవాలి. అదే రోజు రాత్రి ఒకసారి, రెండు మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి ఖాళీ నింపుకోవాలి. ఇంకో లాభం ఏంటంటే పరీక్షలో క్లోజ్ పాసేజ్ (పేరాలో ఖాళీలు నింపే ప్రశ్న) కింద అడిగేది సరిగ్గా ఇదే.

గ్రామర్ పూర్తిగా వదిలేశామా అంటే లేదు, కానీ వచ్చిన తప్పుల్లోంచే తీసుకున్నాం. రోజూ షాపు గురించి అయిదు వాక్యాలు రాసేవాడు. మొదటి రోజే "ఐ యామ్ వర్కింగ్ ఇన్ మెడికల్ షాప్ ఫ్రమ్ టూ ఇయర్స్" అని రాశాడు. మన దగ్గర ఎవర్ని అడిగినా ఇదే వాక్యం వస్తుంది, రెండేళ్ళ నుంచి చేస్తున్నా అనేదాన్ని అలాగే దింపేస్తాం కాబట్టి. "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ మెడికల్ షాప్ ఫర్ టూ ఇయర్స్" అని పక్కన రాసి రెండిట్లో తేడాలు నువ్వే వెతుకు అన్నా. మూడూ దొరికాయి, హావ్ బీన్, ఎ, ఫర్. తర్వాత ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్, ఎంతకాలమో చెప్తే ఫర్ అని తన జీవితం గురించే వాక్యాలు రాయించా, నాన్న ఎప్పట్నించి పత్తి వేస్తున్నాడు, ఈ ఫోన్ ఎంతకాలంగా వాడుతున్నాడు. రోజూ కాలేజీకి వెళ్తాను అనేదాన్ని "ఐ విల్ గో డైలీ" అనడం, "ఆల్దో" పెట్టి మళ్ళీ "బట్" పెట్టడం, "డిస్కస్ అబౌట్" అనడం, ఇవన్నీ ఇలాగే ఒక్కోటి తగ్గాయి. ఎక్సర్‌సైజులు మాత్రం ఎప్పుడూ హెడ్డింగ్ లేకుండా కలిపే ఇచ్చా.

తగ్గనివి ఆర్టికల్స్. తెలుగులో అవి లేవు కాబట్టి చెవికి లోటు తెలియదు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు, ఇక్కడ ఒక అన్న చోట "ఎ", ఆ అన్న చోట "ది" అని చెప్పా, మొదటిసారి వచ్చినవాడు, ముందే తెలిసినవాడు అన్న తేడా దీంతో బాగా ఎక్కింది. కానీ ఇది సగం దూరమే తీసుకెళ్తుంది. ఒక పెన్ను ఇవ్వు అనకుండా పెన్నివ్వు అంటాం, అక్కడ ఒక లేదు కానీ ఇంగ్లీష్‌కి "ఎ" కావాలి. "అడ్వైస్", "ఫర్నిచర్", "ఇన్ఫర్మేషన్" ముందు "యాన్", "ఎ" రావు. వీటికి చదివీ చదివీ కన్ను అలవాటు పడాలి తప్ప దగ్గర దారి నాకు కనపడలేదు, ఉందని చెప్పేవాళ్ళని నేను నమ్మను.

నాలుగు నెలల తర్వాత అదే స్థాయి మాక్ పెట్టా. 21 ప్రశ్నలకి ఆన్సర్ పెట్టాడు, 17 కరెక్ట్, 4 తప్పు, 50 కి 32. నాలుగు వదిలేశాడు, వదిలేయడం కూడా నాకు సంతోషమే, ముందు తెలియనిదీ తెలిసిందీ ఒకేలా పెట్టేసేవాడు. నాలుగు తప్పుల్లో రెండు ఆర్టికల్స్, ఒకటి ప్రిపోజిషన్, ఒకటి ఎప్పుడూ వినని ఇడియం. ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, పొడుగు వాక్యాలన్నీ కరెక్ట్. స్పీడ్ ఇంకా చాలదు, ఇంగ్లీష్ సెక్షన్‌కి పాతిక నిమిషాలు తీసుకుంటున్నాడు, గంటలో నాలుగు సెక్షన్లు అవ్వాలి కాబట్టి అది పదిహేనుకి దగ్గరగా రావాలి.

హెడ్డింగులు లేని 20 వాక్యాల షీట్ లాంటిదే కొత్తది తయారుచేసి మళ్ళీ ఇచ్చా, 16 వచ్చాయి. పైకి చెప్తూ చదవమంటే ఇప్పుడు ముందు వెర్బ్ కోసం వెళ్ళిపోతున్నాడు, పెన్సిల్ లేకుండానే.

ఇప్పుడు వచ్చే నోటిఫికేషన్ దాకా పని ఇలా పెట్టుకున్నాం. పొద్దున షాపు తీసేలోపు స్పోర్ట్స్ పేజీలో ఒక రిపోర్ట్ టైమ్ పెట్టుకుని చదవడం, రాత్రి పది కలగలుపు వాక్యాలు, నోట్‌బుక్‌లో పాత ఖాళీలు. ఆదివారం ఒక పేజీలో "ఎ", "ది" లన్నీ వైటెనర్‌తో చెరిపేసి ఇస్తున్నా, మళ్ళీ పెట్టుకుంటూ పోవాలి, ఎక్కడ తప్పినా ఒరిజినల్‌తో చూసుకుని ఎందుకో పక్కన తెలుగులో రాయాలి. మొన్నటి పేజీలో సగానికి పైగా సరిగ్గానే పెట్టాడు, "ది" దగ్గర ఇంకా తడబడుతున్నాడు.